తుంగభద్రకు రెండు ఒడ్లు: మన బడుల్లో భూగోళం

పదో తరగతి పిల్లలకు పటంలో గుర్తించడం నేర్పుతున్న రోజు జరిగిన సంగతి ఇది. నేను తెలుగు మాస్టర్ని. మా బడిలో సోషల్ మాస్టారి పోస్టు రెండేళ్లు ఖాళీగా వున్నప్పుడు ఆ పీరియడ్లు నా నెత్తిన పడ్డాయి. తెలుగు పంతులు ఏదైనా చెప్పేస్తాడని పైవాళ్ల నమ్మకం. భారతదేశం అవుట్‌లైన్ మ్యాపులు పంచి, కృష్ణను, తుంగభద్రను గీయమన్నాను. శ్రీశైలం దగ్గర చుక్క పెట్టమన్నాను. అందరూ పెట్టారు. ఒక అమ్మాయి మాత్రం పెన్సిలు ఆ చుక్క మీదే ఆపి, "మా అవ్వోల్ల పాతూరు యాడుంటాది సార్ ఇందులో?" అని అడిగింది.

ఆ పిల్ల అవ్వగారి వూరు 1981లో శ్రీశైలం జలాశయం ముంపులో పోయింది. "ఇది ఇండియా మ్యాపమ్మా, చిన్న వూళ్లు వుండవు" అన్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు. జవాబు కూడా కాదు. ఎందుకంటే జిల్లా పటంలోనూ ఆ వూరు లేదు. అక్కడ నీలం రంగు వుంది.

మన బడుల్లో భూగోళం ఎట్లా పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. సాహిత్య చరిత్రను తవ్విపోసుకున్నంతగా మనం పాఠ్యపుస్తకాల చరిత్రను తవ్వలేదు. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనల మీద ఎన్ని పరిశోధనలు వచ్చాయో లెక్క లేదు. లక్షల మంది పిల్లలు పదహారో ఏడు రాకముందే కంఠస్థం చేసి, పరీక్ష రాసి, మరిచిపోయే ఒక శాస్త్రం గురించి మాత్రం విమర్శకులం ఎవరమూ కలం కదిలించలేదు. నేల గురించి పిల్లవాడికి మొదట ఎవరు ఏం చెబుతారో, దాన్ని బట్టే ఆ నేల మీద తనకున్న హక్కేమిటో వాడు గ్రహిస్తాడు. కాబట్టి ఇది సోషల్ మాస్టర్లకు వదిలేయదగ్గ సంగతి కాదు.

నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మా తాతది ఆలంపురం వైపు. నేను పనిచేసేది కర్నూలు వైపు. మధ్యలో తుంగభద్ర. 1800లో నిజాము తన దక్షిణపు జిల్లాల్ని కుంపిణీకి రాసిచ్చినప్పటి నుంచి ఈ నది సరిహద్దు అయింది. అవతలి ఒడ్డు నిజాం రాజ్యం, ఇవతలి ఒడ్డు మద్రాసు రాజధాని. 1956 దాకా ఆలంపురం హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో వుండేది. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం అయ్యాయి. 2014 జూన్ 2న మళ్లీ సరిహద్దు వచ్చింది. 2021 మే నెలలో, కోవిడ్ రోజుల్లో, పుల్లూరు దగ్గర రోగుల అంబులెన్సులు ఆగిపోయినప్పుడు నది అంటే ఏమిటో మా పిల్లలకు ఏ పాఠమూ చెప్పనంత బాగా తెలిసింది. నదికి రెండు ఒడ్లుంటాయన్నది ప్రకృతి. ఆ ఒడ్లకు రెండు రకాల చదువులుండడం మాత్రం రాజ్యం చేసిన పని.

ఇంగ్లీషు చదువు రాకముందు మనవాళ్లకు భూగోళం తెలియదనుకోవడం పొరపాటు. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు శ్రీశైలానికి మనం ఏ దిక్కున వున్నామో, ఏ నదుల నడుమ వున్నామో చెప్పుకునే ఆచారం తెలుగుదేశమంతటా వుంది. తానున్న చోటును ఒక కొండను బట్టి, నదులను బట్టి గుర్తుపెట్టుకునే పద్ధతి అది. అయితే అది చెప్పే నోరు ఒక కులానిది. ఆ నదిలో పుట్టి వేసి మనుషుల్ని దాటించేవాడికి, ఏటి ఇసకలో కర్బూజ పాదులు పెట్టేవాడికి, రాగడి మట్టిని చేత్తో నలిపి జొన్న వేయాలో పత్తి వేయాలో తేల్చేవాడికి తెలిసిన భూగోళం వేరు. అది ఏ గ్రంథానికీ ఎక్కలేదు.

గ్రంథానికి ఎక్కిన వాటిలో నాకు అపురూపంగా కనిపించేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది. అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, హైదరాబాదు మీదుగా నాగపూరు వెళ్లాడు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఎట్లా వుంది, మనుషుల తీరేమిటి అన్నవన్నీ రాశాడు. శ్రీశైలంలో యాత్రికుల నుంచి కర్నూలు నవాబు గుంజుతున్న సుంకాల గురించి కూడా రాశాడు. బోయీలు పల్లకీ మోస్తుంటే చేసిన ప్రయాణం అది. ఆ పరిమితి మనం మరువకూడదు. అయినా నేలను, నీటిని, మనుషుల్ని, పన్నును ఒకే చూపులో చూసిన తెలుగు వచనం అంతకు ముందు నాకు తగల్లేదు. తరవాత వచ్చిన బడి పుస్తకాలు ఈ నాలుగింటినీ నాలుగు ముక్కలు చేశాయి.

ఆ రోజుల్లోనే ఇంకొక భూగోళం తయారవుతోంది. 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగికొండ దగ్గర లాంబ్టన్ కొలత గొలుసు పరిచాడు. దేశాన్నంతా త్రికోణాలుగా కొలిచే మహా సర్వేకి అది ఆరంభం. దత్తమండలాల్లో మన్రో కలెక్టరుగా వుండగా, అంటే 1800–1807 మధ్య, పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు. కాలిన్ మెకంజీ మైసూరు, దత్తమండలాలు సర్వే చేసి 1815లో దేశానికంతా మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన వెంట వున్నది మన ఏలూరు కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వూరూరా కరణాల దగ్గర కూచుని కైఫీయతులు రాయించినవాళ్లు, భాష తెలియని దొరకు దేశాన్ని చదివి వినిపించినవాళ్లు వీళ్లే. రామస్వామి 1828లో దక్కనులోని పట్టణాల మీద ఒక పుస్తకమే ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. బడిపిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? కొండకు పేరు పెట్టబడిన ఎవరెస్టు పేరు అందరికీ తెలుసు.

కొలిచినవాడి అవసరం ఏమిటి? శిస్తు, సైన్యం, సరుకు. నేను ఇది నిందగా అనడం లేదు. ఆ కొలతల్లో అసాధారణమైన శ్రమ వుంది, శాస్త్రం వుంది. కాని ఆ అవసరమే బడి పుస్తకాల్లోకి కూడా దిగింది. ఏ జిల్లాలో ఏం పండుతుంది, ఏ రేవు నుంచి ఏం ఎగుమతి అవుతుంది, ఏ వూరికి రైలుంది. పండించినవాడికి ఎంత మిగులుతుంది అన్న ప్రశ్నకు ఆ పుస్తకాల్లో చోటు లేదు. 1876–78 కరువులో దత్తమండలాల్లో జనం మాడిపోయినా, పాఠంలో మాత్రం అది "వర్షపాతం తక్కువగల ప్రాంతం", అంతే.

ఇంగ్లండులో మాత్రం భూగోళం గొప్పగా వుందా అంటే లేదు. అక్కడి బడుల్లో భూగోళ బోధన అధ్వాన్నంగా వుందని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తరఫున కెల్టీ 1885లో నివేదిక ఇచ్చాడు. దాన్ని ఆధారం చేసుకుని అదే సంవత్సరం ఒక వ్యాసం రాసినవాడు క్రొపోత్కిన్. అప్పుడాయన ఫ్రాన్సులో ఖైదులో వున్నాడు. సైబీరియా కొండల్ని స్వయంగా తిరిగి చూసిన భూగోళ శాస్త్రజ్ఞుడు ఆయన. భూగోళం పిల్లలకు ఇతర జాతుల మీద ద్వేషం పోగొట్టాలనీ, సరిహద్దులకు అవతలి మనిషి కూడా మనలాంటి శ్రమజీవే అని తెలియజెప్పాలనీ ఆయన వాదన. జైలు గోడల మధ్య కూచుని సరిహద్దులు లేని భూగోళం గురించి రాయడం వూహించుకోండి.

కాని గెలిచింది ఆయన మాట కాదు. 1887లో ఆక్స్‌ఫర్డులో భూగోళ బోధకుడుగా చేరిన మాకిండర్ మాట. ఆయన మేధావి అనడంలో సందేహం లేదు, సామ్రాజ్యవాది అనడంలోనూ లేదు. బ్రిటిషు వలసల శాఖ కమిటీ కోసం ఇండియాలో వాడడానికి ఇంగ్లండు గురించి ఏడు ఉపన్యాసాలు, ఇండియా గురించి ఎనిమిది ఉపన్యాసాలు ఆయన తయారుచేశాడు. 1909, 1910 సంవత్సరాల్లో అవి అచ్చయ్యాయి. లాంతరు బొమ్మలు వేసి చూపిస్తూ చెప్పే పాఠాలవి. మనకు వాళ్ల దేశం చూపించడమూ, వాళ్లకు మన దేశం చూపించడమూ రెండూ ఒకరి చేతిలోనే వున్నాయి. మనకు మన దేశం ఎవరు చూపించాలి?

మళ్లీ మా నది దగ్గరికి వద్దాం. ఇవతలి ఒడ్డున హైస్కూలు పైతరగతుల్లో 1930ల చివరి దాకా భూగోళం ఇంగ్లీషులోనే నడిచింది. అవతలి ఒడ్డున ఉర్దూలో. మా తాత గద్వాలలో వస్తానియా దాకా చదివాడు. ఎనభై ఏళ్ల వయసులో, కంటిచూపు తగ్గాక కూడా, మంచం మీద కూచుని "జుగ్రాఫియా" అప్పజెప్పేవాడు. జజీరా, జజీరానుమా, ఖత్తె ఇస్తివా, సతహ్ ముర్తఫా. నాకు నవ్వొచ్చేది. ద్వీపం, ద్వీపకల్పం, భూమధ్యరేఖ, పీఠభూమి అని నేను వాటికి తెలుగు చెబితే, "నీదీ తెలుగు కాదు లేరా" అనేవాడు. ఆ మాటలో వున్న విమర్శ నాకు ఎమ్మే చదివిన తరవాత గాని తలకెక్కలేదు.

ఉర్దూ మీద నాకు ద్వేషం లేదు. ఉస్మానియాలో పైచదువులన్నీ ఒక దేశభాషలో చెప్పడానికి 1918లోనే పూనుకోవడం, అందుకోసం అనువాద శాఖ పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఆ పని తెలుగుకు మనం ఇప్పటికీ అంత పట్టుదలగా చేసుకోలేదు. లోపం ఎక్కడంటే, ఆ ఉర్దూ చదివిన పిల్లవాడి ఇంట్లో భాష తెలుగు. తుంగభద్రలో ఏ నెలలో ఎక్కడ మోకాటి లోతు వుంటుందో మా తాతకు తెలుసు. పుట్టి ఏ మలుపులో తిరగబడుతుందో తెలుసు. ఆ తెలిసినదానికీ, ఆయన అప్పజెప్పినదానికీ నడుమ ఒక్క మాట కూడా వంతెన కాలేదు. ఇవతలి ఒడ్డున ఇంగ్లీషులో "ప్లాటో" అని వల్లించిన కర్నూలు పిల్లవాడి పరిస్థితీ అదే. ఇద్దరూ పీఠభూమి మీదే నిలబడి వున్నారు. ఆ సంగతి ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

తెలుగు మాధ్యమం వచ్చాక ఏం జరిగింది? పారిభాషిక పదాలు సంస్కృతంలోంచి దిగాయి. అక్షాంశం, రేఖాంశం, సమోన్నత రేఖ, అవక్షేప శిల. శాస్త్రానికి నిర్దిష్టమైన మాటలు కావాలి, కాదనను. కాని మన రైతుల నోట నేలకు, నీటికి ఎన్ని మాటలున్నాయో చూడండి: రేగడి, చెల్క, చౌడు, దుబ్బ, గరుసు, వాగు, వంక, చెలమ, మడుగు, కుంట. వీటిలో పాఠ్యపుస్తకానికి ఎక్కినవి రెండో మూడో. ఎక్కిన తీరు చూస్తే మరీ విచిత్రం. నేలల శాస్త్రంలో నల్లనేలకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న "రేగర్" అన్న పేరు మన రేగడి నుంచి వచ్చిందే. మన రైతు మాట సముద్రం దాటి, శాస్త్రమై, పరాయి వేషంలో మన పుస్తకంలోకే తిరిగివచ్చి, "నల్లరేగడి నేలలను రేగర్ నేలలని కూడా అంటారు" అన్న వాక్యంగా కూచుంది. పిల్లలు దాన్ని ఇంగ్లీషు మాటనుకుని బట్టీ పడతారు.

రాళ్లూ అంతే. 1872లో విలియం కింగ్ భూగర్భ సర్వే తరఫున కడప, కర్నూలు శిలల మీద గ్రంథం రాసిన నాటి నుంచి ఈ రెండు వూళ్ల పేర్లు ప్రపంచ భూగర్భ శాస్త్రంలో వున్నాయి. మా పిల్లలు ఆ శిలల మీదే బాసింపట్టు వేసుకుని కూచుని చదువుకుంటారు. తరగతి గదిలో పరిచిన నాపరాయి అదే కదా. బేతంచర్ల గనుల్లో ఆ బండలు తీసేవాళ్ల పిల్లలు కూడా మా దగ్గర చదివారు. వాళ్ల నాన్న ఏ రాయి ఎట్లా పగులుతుందో చెబుతాడు. పుస్తకం "సున్నపురాయి లభించు ప్రదేశములు" అంటుంది. ఈ రెండు వాక్యాలూ ఒకే గదిలో వుండి ఒకదాన్నొకటి పలకరించుకోవు.

పేర్లలో కూడా పోరాటం వుందని చెప్పడానికి ఒక వుదాహరణ. "సీడెడ్" అంటే రాసిచ్చినవి. ఒక ప్రభువు ఇంకొక ప్రభువుకు అప్పు కింద ఇచ్చిన నేల అని దాని అర్థం. నూట పాతికేళ్లకు పైగా అదే మా పేరు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు సూచించిన "రాయలసీమ" అన్న పేరు దాని స్థానంలో వచ్చింది. రాయల కీర్తి మీద నాకు వేరే అభిప్రాయాలుండవచ్చు. అయినా ఒక ప్రాంత ప్రజలు దస్తావేజు మీది మాటను తీసేసి తమ పేరు తాము పెట్టుకోవడం భూగోళ పాఠంలో వుండవలసిన విషయం. పాఠంలో "రాయలసీమ: నాలుగు జిల్లాలు" అని వుండేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చాక అంకె మార్చారు.

స్వాతంత్ర్యం తరవాత 1952–53 మొదలియార్ కమిషను చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి సోషల్ స్టడీస్‌గా చెప్పమంది. వుద్దేశం మంచిదే. జీవితం ముక్కలుగా వుండదు కదా. కాని ఆచరణలో చరిత్ర చదివిన మాస్టరు భూగోళం చెప్పాడు. భూగోళం చదివినవాడికి వుద్యోగం దొరకలేదు. గ్లోబు ప్రధానోపాధ్యాయుడి బీరువాలో వుండిపోయింది. పటం పని అంటే పరీక్షలో మార్కులు తెచ్చే చుక్కలుగా మిగిలింది. అసలు సర్వే పటాలు పిల్లలకు చూపిద్దామంటే అవి దేశరక్షణ పేరుతో చాలాకాలం తాళం కింద వున్నాయి. 2005 పటాల విధానం వాటిలో కొన్నింటిని బయటికి తెచ్చింది, 2021 ఫిబ్రవరిలో ఆంక్షలు బాగా సడలించారు. అప్పటికి ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఫోనులో వుపగ్రహ పటం వుంది.

ఒకసారి మాత్రం గాలి మారింది. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన ఆరో తరగతి పుస్తకంలో కృష్ణా డెల్టాలోని పెనమకూరు, పీఠభూమి మీది డోకూరు, కొండల్లోని పెనుగోలు అని మూడు వూళ్ల పాఠాలుండేవి. డోకూరు పాలమూరు జిల్లాలోది. చెరువు, బావి, బోరు, వలస అన్నీ ఒక వూరి కథగా వచ్చేవి. పదో తరగతి పుస్తకంలో తుంగభద్ర పరీవాహక ప్రాంతం మీద ప్రత్యేకంగా రాశారు. మా నది పేరు పాఠంలో చూసి పిల్లల ముఖాలు వెలిగాయి. ఆ పుస్తకాల్లో లోపాలు లేవని కాదు. భాష మరీ గట్టిగా వుండేది, అనువాదపు వాసన వేసేది. కాని ప్రశ్న అడగడం నేర్పేవి. ఆంధ్రప్రదేశ్‌లో తరవాత పుస్తకాలు మారాయి. ఢిల్లీ ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాలు వచ్చాయి. అవి శాస్త్రీయంగా బాగానే వుంటాయి. డోకూరు మాత్రం వాటిలో వుండదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. పటం చదవడం అనేది ఎవరికి దేనికి పనికొస్తుంది? 1972లో అమెరికా విమానాలు ఉత్తర వియత్నాంలో ఎర్రనది కరకట్టల మీద బాంబులు వేసినప్పుడు, అవి ఎక్కడ పడ్డాయో పటం మీద గుర్తించి, కట్ట తెగితే ఎక్కువ వూళ్లు మునిగే చోట్లే దెబ్బ తగిలిందని చూపించినవాడు ఫ్రెంచి భూగోళ శాస్త్రజ్ఞుడు ఈవ్ లాకోస్త్. భూగోళం మొట్టమొదట యుద్ధానికే పనికొస్తుందన్న అర్థం వచ్చే పేరుతో 1976లో ఆయన పుస్తకం రాశాడు. బడిలో పిల్లలకు విసుగు పుట్టించే భూగోళం, సేనాపతుల దగ్గర పదును పెట్టిన భూగోళం రెండూ ఒకటేనని ఆయన చెప్పాడు. మొదటిది రెండోదాన్ని దాచిపెడుతుంది.

శ్రీశైలం సంగతి చూడండి. 1963లో శంకుస్థాపన జరిగింది. నిండుమట్టం 885 అడుగులు. సముద్రమట్టానికి అంత ఎత్తున పటం మీద ఒక గీత గీస్తే ఏ వూరు వుంటుందో, ఏ వూరు పోతుందో తెలిసిపోతుంది. ఇంజనీర్ల దగ్గర ఆ గీత వుంది. ఆ గీత తమ ఏ గడప మీదుగా పోతుందో చదువుకోగల చదువు ఆ వూళ్లలో ఎంతమందికి వుంది? అదే రోజుల్లో అదే తాలూకాల బడుల్లో ఎత్తును చూపే గీతల పాఠం చెబుతూనే వున్నారు, ఒక శంఖాకారపు కొండ బొమ్మ వేసి. 1981 వేసవిలో పోలీసుల్ని పెట్టి, ఇళ్లు కూలగొట్టి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాల్ని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపురంలో మళ్లీ కట్టారు. గుడి రాయికి దొరికిన అంకె మనిషి ఇంటికి దొరకలేదు. ముంపు కుటుంబానికో వుద్యోగం అని 1986లో జీవో 98 ఇచ్చారు. దాని కోసం తిరిగిన తండ్రుల పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టారు.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు ఆ జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కర్నూలుతో పాటు ఆలంపురమూ మునిగింది. రెండు ఒడ్లకూ ఆ రోజు పాఠం ఒక్కటే. నీళ్లు తీశాక బురద కడుక్కుని బడులు తెరిచి మనం చెప్పింది మాత్రం మళ్లీ "కృష్ణానది ఉపనదులు".

ఆ అమ్మాయి ప్రశ్నకు నేను వారం తరవాత జవాబు వెతికాను. "మీ అవ్వనడిగి పాతూరు గీసుకురా" అన్నాను. నోటుపుస్తకం మధ్య రెండు పేజీల మీద గీసుకొచ్చింది. రచ్చకట్ట, పీర్ల చావిడి, మాలవాడ, రెండు బావులు, కల్లాలు, ఏటికి దిగే బండ్ల బాట. బావుల్లో ఒకదాని పక్కన "ఇందులో మమ్మల్ని తోడుకోనీరు" అని రాసి వుంది. అవ్వ చెప్పినట్టే రాశానంది. దిక్కులు లేవు, స్కేలు లేదు. వూరికి పైన ఒక వంక గీసి, దాని పేరు రాసింది. ఆ పేరు ఏ సర్వే పటంలోనూ నాకు దొరకలేదు.

ఫోనులో వుపగ్రహ పటం తెరిచి, మే నెలలో తీసిన బొమ్మ పెట్టి, నీళ్లు తగ్గి నేల బయటపడ్డ చోటును తన గీతతో పోల్చి చూసుకున్నాం. వంక తగిలింది. బండ్ల బాట తగిలినట్టే అనిపించింది. మిగతా పిల్లలు కూడా మూగారు. వాళ్లలో ఇంకో ఇద్దరివి ముంపు వూళ్లేనని అప్పుడు తెలిసింది. బెల్లు కొట్టారు. తరవాతి పీరియడు లెక్కలు. లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడితే, ఒక్క నిమిషం సార్ అని ఆ అమ్మాయే అడిగింది.